చెరువు ఎండాలి కూడా

2021 ఏప్రిల్ చివర్లో మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. నడినెత్తిన ఎండ. మా ఊర చెరువు నిండి మత్తడి (అలుగు) దూకుతోంది. మత్తడి కింద బండల మీద పిల్లలు ఎగురుతున్నారు. హైదరాబాద్‌లో రెండు గదుల ఇంట్లో కూర్చుని నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నాన్నకు చూపిస్తే ఏమీ మాట్లాడలేదు. ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. 2003లో అదే చెరువుకు ఎగువన, మా చెల్కలో, అంటే మెట్ట చేనులో, ఆయన వరసగా నాలుగు బోర్లు వేయించాడు. మూడింట్లో దుమ్ము లేచింది. నాలుగోదాంట్లో పడ్డ నీళ్లు రెండు నెలలు కూడా పోయలేదు. ఆ అప్పుకు అమ్మ గుండ్ల దండ పోయింది, తర్వాత ఎకరంన్నర పొలం పోయింది. అలాంటి మనిషికి ఏప్రిల్‌లో మత్తడి దూకడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

అందుకే ఇప్పుడు రాయబోయే మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. చెరువు నిండాలి. కానీ చెరువు ఎండాలి కూడా. పన్నెండు నెలలూ నిండుగా ఉండాలన్న మన కొత్త ఆశ చెరువును చెరువుగా ఉండనివ్వడం లేదు. చెరువు మారితే తెలంగాణలో ఒక్క నీళ్ల సంగతే మారదు. వ్యవసాయం, అడవి, పక్షులు, గుళ్లు, పండుగలు, ఊళ్లో మనిషికీ మనిషికీ మధ్య లెక్కలు అన్నీ కదులుతాయి.

ఈ ఆలోచన నాది కాదు. చెరువు కట్టనూ తూమునూ కాసే మా ఊరి నీరటి తాతది. ఆయన పోయి ఆరేళ్లవుతోంది. చివరిసారి కట్ట మీద కలిసినప్పుడు చెరువు నిండుగా ఉంది, ఒక పక్కంతా గుర్రపుడెక్క. నేను సంబరపడుతూ "తాతా, ఇప్పుడు చెరువు ఎప్పుడూ నిండే ఉంటది కదా" అన్నాను. ఆయన కాసేపు నీళ్లవైపే చూసి, "ఎండకపోతె దాని కడుపు ఎట్ల సాఫైతది బిడ్డా?" అన్నాడు. ఆ రోజు నాకు అర్థం కాలేదు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

తెలంగాణ గురించి రాసే పుస్తకాల్లో, పర్యాటక శాఖ కరపత్రాల్లో వ్యవసాయం ఒక అధ్యాయం, వన్యప్రాణులు ఒక అధ్యాయం, వారసత్వం ఒకటి, అభివృద్ధి ఒకటి. ఒకదానికొకటి ముఖం చూసుకోవు. కానీ ఈ నేలను ఒక్కసారి ఎత్తు నుంచి చూడండి. 1,12,077 చదరపు కిలోమీటర్ల రాష్ట్రం. పెద్ద నదులు రెండు, గోదావరి, కృష్ణ. ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన పారుతాయి. అవి పల్లంలో, మన పొలాలు మెరకలో. కోస్తాలో లాగా ఆనకట్ట కట్టి కాలువ తవ్వితే నీళ్లు వాటంతటవే వచ్చే నేల కాదిది. వాన నాలుగు నెలలు కురుస్తుంది, అదీ కురిస్తే. ఆ నాలుగు నెలల వానను మిగతా ఎనిమిది నెలలకు దాచుకోవడం తప్ప ఇక్కడ మనిషికి వేరే దారి లేదు. అందుకే ప్రతి వాలు దగ్గరా ఒక కట్ట. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు, అది నిండితే ఇంకో కుంటకు, అక్కడి నుంచి ఒర్రెకు, వాగుకు. గొలుసుకట్టు అన్నది అందుకే. చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలుపెట్టే ముందు ప్రభుత్వం లెక్కపెడితే 46,531 చెరువులు, కుంటలు తేలాయి. ఇన్ని చెరువులు తవ్వుకున్న నేలకు వరస కరువులు రావడమే మన చరిత్రలో పెద్ద దుఃఖం.

మాది నర్సంపేట వైపు. చిన్నప్పుడు బడి వాళ్లు విహారయాత్ర అంటే పాకాల చెరువుకే తీసుకుపోయేవాళ్లు. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి నాయకుడు కట్టించాడని శాసనం ఉంది. రెండు గుట్టల మధ్య కట్ట పోశారు, వెనక అడవి. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ నీళ్లు పొలాలకు పారుతున్నాయి. అదే నీటిని నమ్ముకుని ఉన్న అడవిని 1952లో అభయారణ్యం చేశారు. పాకాల సాగునీటి కిందికి వస్తుందా, వన్యప్రాణుల కిందికా, వారసత్వం కిందికా? కట్టించినవాడికి ఈ ప్రశ్నే తట్టి ఉండదు.

రామప్ప సంగతీ అంతే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించాడు, దానితో పాటే చెరువు. 2021 జులై 25న యునెస్కో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు నేను ఆఫీసులో పక్కవాళ్లందరికీ మిఠాయి పంచాను. నీళ్లలో తేలే ఇటుకల గురించీ, పునాదిలో ఇసుక నింపిన పద్ధతి గురించీ, మదనికల గురించీ అందరూ మాట్లాడారు. గుడిని చెరువు ఒడ్డున, పొలాలకూ అడవికీ నడుమ కట్టడం ఆ నిర్మాణ ఆలోచనలో భాగమని యునెస్కో తన వివరణలోనే చెప్పింది. మనం మాత్రం బస్సు దిగి గుడి చూసి, చెరువు దగ్గర ఒక సెల్ఫీ దిగి వచ్చేస్తాం. చెరువు బతికి ఉంటేనే ఆ గుడి చుట్టూ ఊరు ఉంటుంది, ఊరుంటేనే గుడిలో దీపం ఉంటుంది. కాకతీయులు ఆ వరస తెలిసి కట్టారు. మన రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణం ఉంది, చార్మినార్ ఉంది. చెరువు లేదు. నాకు అది చిన్న వెలితిగానే కనిపిస్తుంది, కానీ వెలితే.

ఇక చెరువు ఎండడం దగ్గరికి వస్తాను.

మా చిన్నతనంలో చెరువుకు ఒక ఏడాది ఉండేది, మనిషికి బాల్యం, యవ్వనం, ముసలితనం ఉన్నట్టు. మృగశిరలో మొదటి వానకు ఎర్రనీళ్లు వచ్చేవి. ఆరుద్ర, పునర్వసుల్లో మెల్లగా తూము దాకా. పుబ్బ, ఉత్తర కార్తెలు గట్టిగా పడితే మత్తడి. అప్పుడే బతుకమ్మ. ఆ తొమ్మిది రోజులూ చెరువు నిండుగా ఉండాలి, చెల్కల్లో గునుగు తెల్లగా విచ్చుకోవాలి, గుట్టల కింద తంగేడు పూయాలి. ఈ మూడూ ఒకేసారి జరిగే నేలలోనే అలాంటి పండుగ పుడుతుంది. సద్దుల రోజు బతుకమ్మల్ని నీళ్లలో వదిలాక పసుపు, పూలు చెరువంతా తేలుతూ ఉండేవి.

దీపావళి దాటాక తైబందీ. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియదు, అందుకే కాస్త ఆగి చెప్తాను. వానాకాలం పంట కోతకొచ్చాక చెరువులో ఎంత నీరు మిగిలిందో చూసేవాళ్లు. నీరటి తాత తూము దగ్గర రాళ్ల మీది గుర్తులు చూసి చెప్పేవాడు, ఈసారి సగం ఆయకట్టుకు పారుతుందని, లేదా మూడో వంతుకేనని. ఊరి పెద్దలు, ఆయకట్టు రైతులు కట్ట మీద కూర్చుని యాసంగికి (రబీ పంటకు) ఎవరు ఎన్ని గుంటలు వేయాలో తేల్చేవాళ్లు. మూడో వంతుకే నీళ్లుంటే మూడెకరాలవాడు ఎకరమే వేస్తాడు, ఎకరమున్నవాడు, అంటే నలభై గుంటలున్నవాడు, పదమూడు గుంటలు వేస్తాడు. కొన్ని ఏళ్లు తూముకు దగ్గరున్న మళ్లనే ఎంచుకుని, అందులోనే అందరికీ తలా ఒక ముక్క పంచేవాళ్లు. సొంత పొలం చివరి మడి దగ్గర ఉన్నవాడు కూడా ఆ యాసంగికి తూము కింద నాలుగు గుంటలు నాటుకునేవాడు. నీళ్లు తక్కువైతే కష్టం అందరికీ పంచాలన్నది దాని అర్థం. ఇంతకన్నా గొప్ప నీటి చట్టం నాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ పంట కూడా అయిపోయాక, శివరాత్రి దాటాక, నీళ్లు వెనక్కి తగ్గేవి. అప్పుడు మొదలయ్యేది చెరువు రెండో బతుకు. ముదిరాజులు, బెస్తలు వలలు వేస్తే ఊరంతా చేపలు. తేమ ఆరని శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, దోస, పుచ్చ తీగలు. గొర్లకాపరులు ఎండాకాలమంతా మందల్ని అక్కడే మేపేవాళ్లు, ఎందుకంటే ఊళ్లో పచ్చగడ్డి ఉన్న చోటు అదొక్కటే. మంద పడుకున్న చోట ఎరువు. ఆ పైన ఎండకు నేల పర్రెలు విచ్చేది. బండ్లు కట్టుకుని పూడికమట్టి తీసి చెల్కలకు తోలేవాళ్లు. ఎర్రచెల్కకు ఒండ్రుమట్టి పడితే రెండు మూడేళ్లు వేరే ఎరువు అడగదు. రోహిణి ఎండలకు చెరువు కడుపు కాలి శుభ్రమయ్యేది. లొట్టపీసు, నాచు, గుర్రపుడెక్క ఏవీ పాతుకుపోయేవి కావు. తాత అన్న సాఫు అదీ.

చెరువులో నీళ్లు తగ్గుతూ పోతే పక్షులకు పండుగ. లోతు నీళ్లలో కొంగ నిలబడలేదు. బురద బయటపడుతుంటే ఆ అంచు వెంట కొంగలు, ఉల్లంకులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. ఎండిన శిఖంలో తీతువు పిట్ట నాలుగు రాళ్లు పేర్చినట్టు నాలుగు గుడ్లు పెడుతుంది, మనం దగ్గరికి పోతే నెత్తి మీద తిరుగుతూ అరిచి గగ్గోలు చేస్తుంది. హిమాలయాలు దాటి చలికాలంలో దక్కన్ చెరువులకు వచ్చే పట్టెతల బాతులు కూడా నిండు నీళ్ల నడుమ కాదు, ఒడ్డున గడ్డి ఉన్న చోటే మేస్తాయి. ఏడాది పొడవునా కట్ట అంచు దాకా నీళ్లుంటే ఈ అంచే ఉండదు. అంచు లేని చెరువు పక్షికి ఏం పెడుతుంది?

చేపల సంగతి చూస్తే నాకు నోరు మూతపడదు. కొర్రమీనును, మేం కొర్రమట్ట అంటాం, మన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం. ఎందుకు ఇంత గొప్పదో తెలుసా? అది గాలి పీల్చుకోగలదు. చెరువు ఎండితే బురదలోకి దూరి, తడి ఉన్నంత మేర బతికి, మళ్లీ మృగశిర వానకు పైకి వస్తుంది. నిండడం, ఎండడం అనే మన చెరువుల లయకు సరిగ్గా తగిన చేప. తెలంగాణ మనిషిని ఒక్క జీవితో చూపించమంటే నేను దాన్నే చూపిస్తాను. మరి 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చెరువుల్లో వదులుతున్న పిల్లలేవి? ఎక్కువగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ. తొందరగా పెరుగుతాయి, కిలోల లెక్కన అమ్ముడుపోతాయి. మత్స్యకారుల సొసైటీలకు ఆదాయం వచ్చింది, అది చిన్న విషయం కాదు, కాదనను. కానీ కొర్రమట్ట ఆ పిల్లల్ని తింటుంది కాబట్టి అది శత్రువైంది. పరకలు, జెల్లలు, ఇంగిలికాలు లాంటి నాటు చేపలు మా అమ్మ పులుసుల్లో మిగిలాయి. రాష్ట్ర చేప అని పేరు పెట్టి, అది బతికే బురదను లేకుండా చేసుకున్నాం.

మిషన్ కాకతీయను తిట్టడానికి ఇది రాయడం లేదు. 2015 మార్చిలో సదాశివనగర్‌లో ఆ పని మొదలైనప్పుడు నేను టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. అప్పటిదాకా ఏ ప్రభుత్వమూ చెరువును ఇంత పెద్ద పనిగా తలకెత్తుకోలేదు. 1950ల్లో తెలంగాణ సాగునీటిలో సగానికి మించి చెరువులదే. రాష్ట్రం వచ్చేనాటికి అది పదో వంతు దగ్గరికి పడిపోయింది, మిగతాదంతా బోర్లు, బావులు. అలాంటి స్థితి నుంచి వేల చెరువుల్లో పూడిక తీశారు, తూములు బాగుచేశారు, కట్టలు గట్టిపరిచారు. మా ఊళ్లో రైతులు సొంత ట్రాక్టర్లతో మట్టి తోలుకున్నారు. మా నాన్న కూడా అరవై ట్రిప్పులు తోలాడు. ఆ ఏడాది వచ్చినంత మక్క మా చెల్కలో మళ్లీ రాలేదు.

లోపం వేరే చోట ఉంది. చెరువు కట్టడాన్ని బాగుచేశాం, చెరువు వ్యవస్థను బాగుచేయలేదు. యంత్రాలు వచ్చి చేయి అందిన చోటల్లా గుంతలు తవ్వాయి. కొన్ని చోట్ల తూము మట్టం కన్నా లోతుకు పోయాయి. తూము కన్నా కింద ఉన్న నీళ్లు కాలువకు పారవు, భూమిలోకి ఇంకుతాయి, అంతే. ఇంకడం మంచిదే, కానీ అది ఆయకట్టు పెరగడం కాదు. గుంతలెక్కడున్నాయో తెలియక ఈతకు దిగిన పిల్లలు పోయిన ఊళ్లున్నాయి. ఆ తర్వాత ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. గోదావరి మీది దేవాదుల నుంచి రామప్పకు, రామప్ప నుంచి పాకాల వైపుకు. మరోపక్క 2019 జూన్ 21న కాళేశ్వరం ఎత్తిపోతల మొదలైంది, 2023 అక్టోబర్‌లో దాని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఎవరి తప్పు, ఎంత ఖర్చు అన్న గొడవలోకి ఇక్కడ వెళ్లను, దానికి కమిషన్లు, కోర్టులు ఉన్నాయి. నా బాధ ఆ ఇంజినీరింగుకు ముందున్నది. నీళ్లు పైనుంచి వస్తాయని తెలియగానే ఊళ్లో తైబందీ అవసరమే లేదనుకున్నాం. ఎంత నీరుంటే అంత పంట అన్న లెక్క తిరగబడి, ఎంత పంట వేస్తే అంత నీరు తేవాలి అన్న లెక్క వచ్చింది.

దాని ఫలితం వరి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. పాతిక లక్షలకు పైగా మోటార్లు. రాత్రీ పగలూ పోసుకోవచ్చు. 2024 వానాకాలంలో 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేశారని, 150 లక్షల టన్నులకు పైగా వడ్లు పండాయని ప్రభుత్వం ప్రకటించింది. అన్నం కోసం రేషన్ దుకాణం ముందు నిలబడ్డ నేల ఇది. గర్వం నాకూ ఉంది. కానీ యాసంగి వరి చూడండి. ఏప్రిల్, మే ఎండల్లో కోతకు వస్తుంది, గింజ లోపలే చిట్లుతుంది, మర ఆడిస్తే నూక ఎక్కువ. అందుకే ఉప్పుడు బియ్యం చేయాలి. ఆ ఉప్పుడు బియ్యం ఇక తీసుకునేది లేదని కేంద్రం అంటే 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వమే ఢిల్లీకి వెళ్లి ధర్నా చేయాల్సి వచ్చింది. ఏ కాలంలో చెరువు ఎండి, బురదలో కొర్రమట్ట నిద్రపోవాలో సరిగ్గా ఆ కాలంలో మనం మోకాలి లోతు నీళ్లలో వరి పెంచుతున్నాం. వచ్చిన వడ్లను కల్లంలో పోసుకుని, తేమ తగ్గలేదన్న మాట వింటూ, మబ్బు కమ్మితే పరదాలు మోసుకుంటూ మా నాన్న ఒకసారి ఇరవై రెండు రాత్రులు అక్కడే పడుకున్నాడు.

మరి జొన్న, కంది, పెసర, నువ్వు, ఆముదం వేయరాదా అని పట్నంలో చాలా తేలిగ్గా అడుగుతారు. మా ఊళ్లో అడిగి చూడండి. "కోతులు ఉంచుతయా అమ్మా?" అంటారు. ఇది నవ్వే విషయం కాదు. అడవిలో, గుట్టల మీద పండ్ల చెట్లు పోయాయి, కోతులు ఊళ్లోకి వచ్చాయి. మక్క, పల్లి, కూరగాయలు ఏది వేసినా మంద దిగితే ఒక పూటలో అయిపోతుంది. రాత్రిపూట అడవిపందులు. నీళ్లు నిలిచిన వరి మడి జోలికి కోతి అంతగా రాదు. వరి పెరగడానికి మద్దతు ధర, ఉచిత కరెంటు ఎంత కారణమో కోతి కూడా అంత కారణం. అయినా వ్యవసాయ శాఖ నివేదికలో కోతి ఉండదు, అటవీ శాఖ నివేదికలో వరి ఉండదు. చెల్కలు బీడుపడితేనో, వరి మళ్లుగా మారితేనో గునుగు కూడా పోతుంది. ఉన్న చెల్కలో గడ్డిమందు కొడితే అదీ పోతుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో బతుకమ్మకు గునుగు కట్ట కొనుక్కుంటున్నాం. అడవి దగ్గరికి వస్తే, నిర్మల్ బొమ్మలు చేసే కళాకారులు పొనికి చెట్టు కోసం వెతుక్కుంటున్నారు. బొమ్మకు అవార్డు ఇస్తాం, చెట్టును నాటం.

పులుల గురించి రెండు మాటలే చెప్తాను, ఎందుకంటే అమ్రాబాద్, కవ్వాల్ అడవుల గురించి నాకన్నా తెలిసినవాళ్లు ఉన్నారు. మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులకు పులులు వస్తున్నాయి. 2024 జనవరిలో అక్కడే రెండు పులులు చనిపోయాయి. అదే ఏడాది నవంబర్‌లో పత్తి ఏరుతున్న ఒక యువతిని పులి చంపింది. పత్తి చేను అడవి అంచు దాకా పోయింది, పులి చేను అంచు దాకా వచ్చింది. అడవిలో చిన్న కుంటలు, ఒర్రెల మీద రాతికట్టలు, వాటి చుట్టూ గడ్డి, గడ్డికి దుప్పులు, ఇలా వరస నిలబడితేనే పులి లోపల ఉంటుంది. అక్కడా మొదలు కుంటే.

హైదరాబాద్ గురించి అడిగితే నాకు కోపం వస్తుంది. మాసబ్ ట్యాంక్ దగ్గర బస్సు దిగే ఎంతమందికి అది ఒకప్పుడు మా సాహెబా తలాబ్ అని తెలుసు? 2020 అక్టోబర్‌లో వానలకు పాతబస్తీ వైపు చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగినప్పుడు అందరూ వానను తిట్టారు. ఎండాకాలం ఎండే చెరువును చూసి పట్నం ఖాళీ జాగా అనుకుంది. ఎండడం చెరువు లక్షణం అని తెలియకపోతే జరిగేది ఇదే. ఎండితే చచ్చిందనుకుని కబ్జా చేస్తాం, లేదా చావకూడదని మురుగు నీటితోనైనా ఏడాదంతా నింపి ఉంచుతాం. అంబర్‌పేటలో బతుకమ్మ కుంటను 2025లో తవ్వుతుంటే చెత్త కింద నుంచి నీళ్లు ఊరాయి. ఆ వార్త చదివి నేను ఆఫీసు నుంచి అటే పోయి చూసి వచ్చాను.

ఇదంతా విని మా తమ్ముడు ఒకరోజు గట్టిగానే అన్నాడు. "అక్కా, నీకు ఒకటో తారీఖున జీతం పడ్తది. చెరువు ఎండితె మా బోరు ఎండుతది. కరువు చూడనట్టు మాట్లాడకు." వాడన్నది నిజం. మేం కరువు చూశాం, అందుకే వాడు భయపడుతున్నాడు. చెరువు కింద నీరుంటేనే చుట్టూ బోర్లలో నీరుంటుంది. నేను అడిగేది చెరువును పాడుపెట్టమని కాదు, నీళ్లు తేవద్దనీ కాదు. ఎప్పుడు నింపాలి, ఎంత వాడాలి, ఎప్పుడు తగ్గనివ్వాలి అన్న లెక్క మళ్లీ ఊరి చేతికి రావాలని. గొలుసులో పది చెరువులుంటే పదింటినీ మే నెలలో నింపి ఉంచాల్సిన పని లేదు. తాగునీటికి, పశువులకు, బోర్లకు అవసరమైన చోట ఉంచి, మిగతావాటిని వంతులవారీగా తగ్గనిస్తే పూడిక వస్తుంది, గడ్డి వస్తుంది, చేప పట్టొచ్చు. ఈ ఏడాది ఇవి, వచ్చే ఏడాది అవి. యాసంగిలో తూము నీళ్లు పెసరకు, నువ్వుకు రెండు తడులు ఇస్తే చాలు. ఆ రెండు తడుల పంటకు వరికి ఇచ్చినంత నమ్మకంగా కొనుగోలు ఉంటే మా తమ్ముడే ముందు వేస్తాడు, వాడే ఒప్పుకున్నాడు. కోతుల సంగతి ఏం చేస్తారని అడిగాడు. ఊరంతా కలిసి ఒకే పక్క ఆరుతడి వేసి వంతులవారీగా కాపలా ఉండడం తప్ప నా దగ్గర జవాబు లేదు. ఒక్కడు వేస్తే కోతుల పాలే.

పాత రోజులన్నీ బంగారమని కూడా అనను. మా నీరటి తాత దళితుడు. పంట మీద ఇన్ని మానికలని ఆయనకు ఊరు ఇచ్చేది, ఇవ్వాల్సింది ఇచ్చేవాళ్లు కొందరే. నడిరాత్రి వాన పడితే కట్ట మీదికి పోవాల్సింది ఆయనే. నీళ్లలోకి మునిగి తూము బిరడా తీయాల్సింది ఆయనే. కానీ ఆయన కాపాడిన నీళ్లలో ఆయనకు పొలం లేదు. ఆయన తండ్రి కాలంలో దొర మడి తడిశాకే మిగతావాళ్లకు తూము ఎత్తేవాళ్లట. కాకతీయుల కాలంలో చెరువు కట్టినవాడికి దశబంధం అని పారకంలో పదో వంతు మాన్యం ఇచ్చేవారు. కట్టను రోజూ కాసినవాడికి ఏం దక్కిందో రాతి మీద ఎవరూ చెక్కించలేదు. అది వెట్టి. దాన్ని వెనక్కి తెమ్మని అడిగితే నాకు కళ్లు పోతాయి.

కానీ వెట్టిని తీసేయడమంటే ఆ పనిని తీసేయడం కాదు కదా. గ్రామాల్లో పాత కొలువులు పోయి, నీరటి, మస్కూరి లాంటి ఊరి కొలువుల కుటుంబాల పిల్లలు వీఆర్ఏలు (గ్రామ రెవెన్యూ సహాయకులు) అయ్యారు. 2023లో ఆ వ్యవస్థ కూడా రద్దయి ఇరవై వేల మందికి పైగా వేరే శాఖల్లో సర్దుబాటయ్యారు. తాత మనవడు ఇప్పుడు ఒక పట్టణంలో ఆఫీసులో పనిచేస్తున్నాడు. నీడపట్టున కొలువు, నెల జీతం. అతనికి అది రావాల్సిందే, ఇంకా ముందే రావాల్సింది. ఐతే మా చెరువుకు ఇప్పుడు ఎవరున్నారు? మత్తడి దగ్గర చెత్త అడ్డం పడితే తీసేవాళ్లు లేరు. వేల కోట్లతో ఎత్తిపోసిన నీరు తూము షట్టరు సరిగా దిగక కారిపోతుంటే చూసేవాళ్లు లేరు. ప్రతి పెద్ద చెరువుకు ఒక నీరటిని, కులంతో పని లేకుండా, శిక్షణ ఇచ్చి, పంచాయతీ కార్యదర్శికి ఇచ్చినంత జీతంతో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? మోటార్ల కరెంటు బిల్లు పక్కన పెట్టి చూస్తే అది ఎంత? కట్ట మీద కూర్చుని నిర్ణయించేవాళ్లలో ఆయకట్టు రైతులే కాదు, ముదిరాజులు, గొర్లకాపరులు, భూమి లేని కూలీలు, ఆడవాళ్లు కూడా ఉండాలి. పాత తైబందీలో లేనిది, కొత్త దానిలో ఉండాల్సింది అదే.

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు తాత మనవడు కూడా వచ్చాడు. ఇద్దరం కట్ట మీదికి పోయాం. తూము దగ్గర రాళ్ల మీది గుర్తులు నాచు కింద ఉన్నాయి. అతను చెప్పులు విడిచి, మెట్ల మీద నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి, అరచేత్తో నాచు రుద్ది ఒక గీత చూపించాడు. "ఇక్కడి దాకుంటె సగం ఆయకట్టు అక్కా. దీని కిందికి పోతె మూడో వంతు. తాత చిన్నప్పుడే చూపిచ్చిండు." ఇంకా ఎన్ని గీతలున్నాయని అడిగాను. ఏడు ఉండాలి అన్నాడు. మిగతావి లోతులో ఉన్నాయి, చెరువు తగ్గితేనే కనిపిస్తాయి. ఈ దీపావళికి అతను సెలవు పెట్టుకుని వస్తానన్నాడు. నేను మా తమ్ముణ్ని, నాన్నను, పక్క వాడకట్టు గొర్లకాపరులను కట్ట మీదికి పిలుస్తున్నాను. సర్పంచ్‌కు కూడా చెప్పాను. చాప, చాయ్ నావే.